బొలీవియా దారా, కొలంబియా దారా: ఏది మేలు?

స్పెయిన్ వాళ్లు వెళ్లిపోయి రెండు వందల ఏళ్లు అవుతోంది, వాళ్లు కట్టిన రాజ్యం మాత్రం లాటిన్ అమెరికాలో అలాగే మిగిలింది. ఆదివాసీల తరఫున, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసుల తరఫున చూస్తే, దాన్ని ఎవరు బాగా మార్చారు?

బొలీవియా ఏకంగా రాజ్యాన్నే తిరగరాసింది. చదువు రాదనే సాకుతో 1952 దాకా ఆదివాసీల్లో ఎక్కువమందికి ఓటే లేని దేశం అది. అలాంటిచోట ఐమారా ఆదివాసీ కుటుంబంలో పుట్టిన ఎవో మొరాలెస్ 2006లో అధ్యక్షుడయ్యారు, 2009 రాజ్యాంగం దేశాన్ని 'బహుళ జాతుల రాజ్యం' అంది, స్పానిష్‌తో పాటు 36 ఆదివాసీ భాషలకు అధికార హోదా ఇచ్చింది, నల్లజాతి వాళ్ల హక్కులనూ పేరు పెట్టి రాసింది. ఇది చిన్న విషయం అనే వాళ్లతో నేను ఒప్పుకోను. నిన్నటిదాకా తలొంచుకుని మాట్లాడిన భాష ఇవాళ సర్కారు భాష అయితే మనిషి నడకే మారుతుంది.

కానీ 2011లో అదే ప్రభుత్వం ఆదివాసీలు బతికే టిప్నిస్ అడవి మధ్య నుంచి రోడ్డు వేస్తానంది. వద్దని సర్కారు కొలువున్న లా పాజ్‌కు నడిచి వెళ్తున్న ఆదివాసీలను చపరీనా దగ్గర పోలీసులు చితకబాదారు. ఆదివాసీ అధ్యక్షుడి హయాంలోనే!

కొలంబియా రాజ్యం పేరు మార్చలేదు, భూమి జోలికి వెళ్లింది. 1991 రాజ్యాంగం దారి తెరిస్తే, 1993లో వచ్చిన 70వ నంబరు చట్టం పసిఫిక్ తీరంలో నదుల పక్కన బతికే నల్లజాతి ఊళ్లకు ఉమ్మడి పట్టాలిచ్చింది, ఇప్పటికి 50 లక్షల హెక్టార్లకు పైనే. వాటిని అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికీ లేదు. మన ఏజెన్సీలో 1/70 చట్టం విలువ తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద మాటో వేరే చెప్పాలా? అయితే పట్టా తుపాకీని ఆపలేదు. 2002లో అదే తీరప్రాంతంలోని బొహాయాలో, ఫార్క్ అనే వామపక్ష గెరిల్లాలకూ పారామిలటరీలనే ప్రైవేటు సాయుధ ముఠాలకూ మధ్య పోరులో చర్చిలో తలదాచుకున్న జనం మీదే బాంబు పడింది, చనిపోయిన వాళ్లలో పిల్లలే ఎక్కువ.

అయినా నా ఓటు కొలంబియాకే. ఎందుకంటే అక్కడ హక్కు ఊరి చేతికి వచ్చింది, అధ్యక్షుడి మనసు మారితే పోయేది కాదు. కౌకా ప్రాంతంలోని లా తోమా అనే నల్లజాతి ఊరినే చూడండి, ముందుగా జనాన్ని అడగలేదని 2010లో రాజ్యాంగ న్యాయస్థానం అక్కడి బంగారు గనుల అనుమతులను ఆపేసింది. తర్వాత అక్రమ తవ్వకాల యంత్రాలు దిగితే, 2014లో ఆ ప్రాంతపు నల్లజాతి ఆడవాళ్లు రాజధాని బొగోటా దాకా నడిచారు. వాళ్లను నడిపించిన ఫ్రాన్సియా మార్కెస్ 2022లో ఆ దేశ ఉపాధ్యక్షురాలయ్యారు.