యావో మింగ్ కథా, కెవిన్ షెపర్డ్ కథా: తొలి సీజన్ డాక్యుమెంటరీల్లో ఏది మేలు?

పరాయి దేశం వెళ్లి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆడినవాడి మొదటి సీజన్ ఎలా ఉంటుందో చూపించే డాక్యుమెంటరీ కావాలంటే నేను రెండు పేర్లు చెబుతాను. ఒకటి 2004లో వచ్చిన ‘ది ఇయర్ ఆఫ్ ది యావో’, రెండోది 2012 నాటి ‘ది ఇరాన్ జాబ్’. మొదటిదాంట్లో షాంఘై కుర్రాడు యావో మింగ్ అమెరికాకు వెళ్తాడు. రెండోదాంట్లో అమెరికన్ ఆటగాడు కెవిన్ షెపర్డ్ ఇరాన్‌కు వెళ్తాడు. ఒక్కటే చూసే తీరిక ఉంటే ‘ది ఇరాన్ జాబ్’ చూడండి. అయితే ఆట వరకూ వస్తే యావో సినిమాదే పైచేయి.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 2002 డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ రాకెట్స్ జట్టు అందరికన్నా ముందు ఎంచుకున్నది యావోనే. ఎత్తు 7 అడుగుల 6 అంగుళాలు. ఇండియానా జట్టుతో ఆడిన తొలి మ్యాచ్‌లో ఒక్క పాయింటూ రాలేదు. ఒక మ్యాచ్‌లో 19 పాయింట్లు చెయ్యడం వీడివల్ల కాదని మాజీ స్టార్ ఆటగాడు, టీవీ వ్యాఖ్యాత చార్ల్స్ బార్క్‌లీ టీవీలో పందెం కాశాడు. తొలి మ్యాచ్ అయ్యి ఇరవై రోజులు తిరక్కుండానే యావో లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టు మీద 20 కొట్టాడు, తొమ్మిది షాట్లు వేస్తే తొమ్మిదీ పడ్డాయి. బార్క్‌లీ పందెం ఓడి గాడిద వెనకభాగాన్ని ముద్దు పెట్టుకోవాల్సి వచ్చింది.

అసలు టెన్షన్ 2003 జనవరి 17న. ఎదురుగా లేకర్స్ స్టార్ షకీల్ ఓనీల్. అంతకుముందే చైనా భాషను వెక్కిరిస్తూ అతనన్న మాటలు పెద్ద గొడవయ్యాయి. యావో మాత్రం నోరు జారలేదు. ఆట మొదలవగానే ఓనీల్ వేసిన షాట్లను వరసగా అడ్డుకున్నాడు. ఓవర్‌టైమ్‌లో రాకెట్స్ 108-104తో గెలిచింది. ఫలితం ముందే తెలిసి చూసినా గుండె వేగం పెరిగే మ్యాచ్ అది.

కానీ నాకు ఈ సినిమాలో యావో కన్నా ఎక్కువ నచ్చినవాడు కాలిన్ పైన్. యావో మాటల్ని ఇంగ్లిష్‌లోకి, కోచ్ మాటల్ని చైనీస్‌లోకి మార్చి చెప్పే యువకుడు. కథ చాలావరకు అతని కళ్లతోనే నడుస్తుంది. హ్యూస్టన్‌లో యావో, అతని అమ్మానాన్నలు ఉన్న ఇంట్లోనే తనూ ఉన్నాడు. వేలమంది మధ్య, కెమెరాల ముందు, తప్పు చెబితే ఇద్దరి పరువూ పోయే పని. ఒక రకంగా అతనికీ అది తొలి సీజనే.

మరి లోటేమిటి? ఈ సినిమా నిర్మాణంలో ఎన్‌బీఏ సొంత విభాగం చెయ్యి కూడా ఉంది. అందుకే డ్రెస్సింగ్ రూమ్ దాకా తలుపులు తెరుచుకున్నాయి. అందుకేనేమో, ఎవరినీ నొప్పించకూడదన్న జాగ్రత్త కూడా సినిమా అంతటా కనిపిస్తుంది. ఒంటరితనం ఉంటుంది గానీ, దాని చేదు మన దాకా రాదు.

‘ది ఇరాన్ జాబ్’లో ఆ జాగ్రత్త లేదు. దర్శకుడు టిల్ షౌడర్ వెంట పెద్ద బృందం లేదు, చిన్న కెమెరాతో తనే చిత్రీకరించాడు. షెపర్డ్ యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ క్రోయ్ ద్వీపంవాడు. అంతకుముందే వేరే దేశాల్లో ఆడాడు గానీ ఇరాన్ కొత్త. 2008-09 సీజన్‌కు ఏ.ఎస్. షిరాజ్ జట్టులో చేరాడు. జట్టూ కొత్తదే. లీగ్ చివర్లో జరిగే నాకౌట్ పోటీలకు, అంటే ప్లేఆఫ్స్‌కు, చేర్చడం అతని మీద పెట్టిన బాధ్యత. ఒక సెర్బియా ఆటగాడితో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. ఓడినప్పుడు కోచ్ మీద, తోటి ఆటగాళ్ల మీద విసుగు దాచుకోడు. మనసారా నవ్వుతాడు, నవ్విస్తాడు.

తర్వాత ముగ్గురు ఇరానీ అమ్మాయిలతో స్నేహం కుదురుతుంది. అతని అపార్ట్‌మెంట్‌లో కూర్చుని పెళ్లి గురించీ మతం గురించీ ప్రభుత్వం గురించీ మాట్లాడుకుంటారు. పరాయి మగవాడి ఇంటికి రావడమే వాళ్లకు ప్రమాదం. అయినా వస్తారు, తలుపు మూశాక మనసులో ఉన్నది చెబుతారు. 2009 ఇరాన్ అధ్యక్ష ఎన్నికల తర్వాత వీధుల్లోకి వచ్చిన నిరసనల దాకా కథ వెళ్తుంది. స్కోరు మీదున్న ధ్యాస మెల్లగా వీళ్లకేమవుతుందోనన్న బెంగగా మారుతుంది. షెపర్డ్‌లో వచ్చిన మార్పు మనలోనూ వస్తుంది. ఈ ఒక్క కారణంతోనే దీన్ని పైన పెడుతున్నాను.

‘వన్ ఇన్ ఎ బిలియన్’ అనే డాక్యుమెంటరీ కూడా ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. పంజాబ్‌లోని బల్లో కే ఊరి నుంచి వెళ్లి, 2015 డ్రాఫ్ట్‌లో 52వ స్థానంలో డల్లాస్ మావెరిక్స్‌కు ఎంపికైన సత్నామ్ సింగ్ కథ. మనవాడి కథ కాబట్టి తప్పక చూడాల్సిందే. కాకపోతే దాని బలం డ్రాఫ్ట్ దాకా సాగిన ప్రయాణంలో ఉంది, తొలి సీజన్‌లో కాదు. డ్రాఫ్ట్ తర్వాత అతను ఆడింది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న టెక్సస్ లెజెండ్స్‌కు, అది ఎన్‌బీఏకు దిగువ లీగ్‌లోని జట్టు.  ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే ఆ దారి ముగిసింది.

పిల్లలతో కలిసి చూడాలంటే, బాస్కెట్‌బాల్ మీద ఇష్టం పుట్టించాలంటే యావో సినిమా పెట్టండి. పెద్దవాళ్లు చూసేందుకైతే ‘ది ఇరాన్ జాబ్’. ఆ 2009 ఎన్నికల గొడవేమిటో ముందు కాస్త చదువుకుని కూర్చుంటే, ఆ అమ్మాయిల మాటలు ఇంకా బాగా అర్థమవుతాయి.