ఎలక్ట్రిక్ కారు, పెట్రోల్ కారు: రెండూ నడిపాక తేలిన లెక్క

మా ఇంట్లో రెండు రకాల బండ్లూ ఉన్నాయి, ఏళ్ల తరబడి రెండూ నేనే నడుపుతున్నాను. ఎలక్ట్రిక్‌తో ఎంత మిగులుతుందని ఎవరడిగినా ముందు నేనడిగేది ఒక్కటే: రాత్రి బండి పెట్టే చోట మీకు సొంత ప్లగ్ ఉందా? ఉంటే ధైర్యంగా కొనండి, లేకపోతే కూర్చుని లెక్క వేసుకోవాల్సిందే.

లెక్క కష్టమేం కాదు. మా బండి నూరు కిలోమీటర్లకి 15 యూనిట్లు వాడినట్టు స్క్రీన్ మీద చూపిస్తుంది, కానీ ఛార్జింగ్‌లో వేడిగా పోయేది కూడా కలుపుకుని కరెంటు మీటరు 17 దాకా తిరుగుతుంది, మనం డబ్బు కట్టేది ఈ 17కే. అదే దూరానికి పెట్రోల్ బండి ఆరేడు లీటర్లు తాగుతుంది. మీ యూనిట్ ధర, లీటరు ధర వేసి చూసుకోండి. ట్రాఫిక్‌లో తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే సిగ్నల్ దగ్గర ఇంజన్ ఊరికే పెట్రోల్ కాలుస్తుంటే, ఇక్కడ యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారే జనరేటరై కొంత కరెంటు బ్యాటరీకి తిరిగి పంపుతుంది.

హైవే ఎక్కితే సీన్ మారుతుంది. వేగం 80 నుంచి 110కి పెంచితే గాలి నిరోధం దాదాపు రెట్టింపవుతుంది, రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌తో బండి వెళ్లగలిగే దూరం) కళ్లముందే పడిపోతుంది. దానికితోడు దారిలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ ధర ఇంటి ధరకి రెండు మూడింతలు ఉండటం మామూలే. ఎప్పుడూ వాటి మీదే ఆధారపడితే పెట్రోల్‌తో పెద్ద తేడా మిగలదు.

సర్వీసు ఖర్చు నిజంగానే తక్కువ. ఇంజన్ ఆయిల్ లేదు, స్పార్క్ ప్లగ్గుల్లేవు. బ్రేకులైతే ఎంత తక్కువ వాడతామంటే డిస్కుల మీద తుప్పు కనిపించింది, అప్పుడప్పుడు గట్టిగా తొక్కండి సార్ అని మెకానిక్కే చెప్పాడు. టైర్లు మాత్రం ఏడిపిస్తాయి. బ్యాటరీ బరువు, తొక్కగానే వచ్చే టార్క్ (చక్రాల్ని తిప్పే బలం), రెండూ కలిసి రబ్బరుని తినేస్తాయి. చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఇందులోనూ ఉంటుంది, అది పోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు, దాన్ని మార్చే ఖర్చు కూడా రాసుకోండి. ఇన్సూరెన్స్ ప్రీమియం మాకు ఎలక్ట్రిక్ కారుకే ఎక్కువ పడుతోంది.

అందుకే వారాంతాల్లో తప్ప బండి బయటికి తీయని మా తమ్ముడికి పాత పెట్రోల్ కారే ఉంచుకోమన్నాను. అంత తక్కువ తిరిగితే కిలోమీటరుకి మిగిలేది ఎలక్ట్రిక్ కొనడానికి అదనంగా పెట్టిన డబ్బుని ఎప్పటికి పూడ్చాలి?