పట్టా నుంచి పూర్వీకుడి దాకా: జీఎల్‌ఓ రికార్డ్స్ వెబ్‌సైట్ రివ్యూ

19వ శతాబ్దంలో అమెరికా పడమటి మైదానాల్లో స్థిరపడినవారి జాడ వెతకడానికి బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (అమెరికా ప్రభుత్వ భూముల సంస్థ) వారి ఈ జీఎల్‌ఓ (జనరల్ ల్యాండ్ ఆఫీస్, అంటే పాత ఫెడరల్ భూముల కార్యాలయం) సైట్‌ను మించిన ప్రారంభం లేదు. పూర్తిగా ఉచితం. రాష్ట్రం, ఇంటిపేరు ఇస్తే ఫెడరల్ ప్రభుత్వం జారీ చేసిన భూమి పట్టా స్కాన్ కాపీ కనిపిస్తుంది. భూమి ఎక్కడుందో చెప్పే సర్వే గుర్తులైన టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ నంబర్లు తప్పక రాసుకోండి. పక్క సెక్షన్ల పట్టాలూ చూడండి. బంధువులు తరచూ దగ్గర దగ్గరగా భూమి తీసుకునేవారు.

పేరు దొరక్కపోతే స్పెల్లింగ్ మార్చి చూడండి. టెక్సస్, కెంటకీ, టెన్నెసీ, తొలి 13 రాష్ట్రాల కోసం ఇక్కడ వెతకొద్దు, అక్కడ భూమి ఇచ్చింది ఫెడరల్ ప్రభుత్వం కాదు.

పట్టాలో కుటుంబ వివరాలు దాదాపు ఉండవు. అసలు నిధి నేషనల్ ఆర్కైవ్స్‌లో (అమెరికా ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారం) ఉన్న, ఆ భూమి కోసం పెట్టుకున్న దరఖాస్తు ఫైలే. స్థిరపడేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దక్కాలంటే ఐదేళ్ల నివాసాన్ని సాక్షులతో రుజువు చేయాలి. అందుకే అందులో ఇల్లు, సాగు, కుటుంబం వివరాలు, వలస వచ్చినవారైతే పౌరసత్వ పత్రాలు కూడా దొరుకుతాయి. 1890 జనాభా లెక్కలు చాలావరకు నాశనమయ్యాయి కనుక ఆ ఖాళీని ఈ ఫైలు కొంత పూడుస్తుంది.

కాపీకి రుసుము ఉంటుంది. ఆర్డర్‌లో ల్యాండ్ ఆఫీసు పేరు, సర్టిఫికెట్ నంబరు, భూమి వివరణ మూడూ పట్టాలో ఉన్నట్టే రాయండి. మధ్యలో భూమి వదిలేసినవారికి పట్టా ఉండదు, ఫైలు మాత్రం ఉండొచ్చు.