అల్లికకూ వంటకూ వేళ: రోజూ కొంత మేలా, ఆదివారం ఒక్కసారి మేలా?

నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి రోజూ రైలులోనో బస్సులోనో భీమవరం వెళ్లి చదువుకునే విద్యార్థికైనా, కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో గది అద్దెకు తీసుకుని ఉండే విద్యార్థికైనా తరగతులు, ల్యాబ్ రికార్డులు, మిడ్ పరీక్షలు పోగా మిగిలే వేళ తక్కువే. ఆ తక్కువలోనే ఇష్టపడి పట్టుకున్న అల్లిక సాగాలి, ఇంటి వంట తినాలి అనుకునేవారికి రెండు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది, ప్రతిరోజూ రెండింటికీ కొంత కొంత సమయం కేటాయించడం. రెండవది, వారమంతా చదువుకే వదిలిపెట్టి ఆదివారం రెండు పనులనూ ఒకేసారి ముందేసుకోవడం. ఏది మేలని అడిగితే, అల్లికకు మొదటి మార్గమూ, వంటకు చాలావరకు రెండవ మార్గమూ మేలని నేను చెబుతాను. రెండు పనులకూ ఒకే కొలత పెట్టుకున్నవారు తరచుగా రెండింటినీ మధ్యలోనే వదిలేయడం చూస్తున్నాను కనుకనే ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఈ రెండు పనుల స్వభావంలోనే తేడా ఉంది. వంటలో అసలు పని కంటే దాని ముందూ వెనకా ఉండే పనే ఎక్కువ. కూరగాయలు కడగడం, తరగడం, చింతపండు నానబెట్టడం, చివర గిన్నెలు తోమి పొయ్యి తుడవడం అనేవి ఒక్కరికి వండినా నలుగురికి వండినా దాదాపు అంతే సమయం తీసుకుంటాయి; గుప్పెడు కందిపప్పు ఉడకడానికి కుక్కరు తీసుకునే సమయానికీ సోలెడు పప్పు ఉడకడానికి తీసుకునే సమయానికీ పెద్ద తేడా ఉండదు. అందుచేత వంట పనులను ఒకచోటికి చేర్చినకొద్దీ సమయం కలిసివస్తుంది. అల్లికలో అలా కలిసివచ్చేది ఏమీ లేదు. ఇరవై వరుసలు ఒకే విడతలో అల్లినా, రోజుకు నాలుగు చొప్పున అయిదు రోజులు అల్లినా పట్టే సమయం ఒక్కటే. పైగా ఆదివారం నాలుగైదు గంటలు వంచిన తల ఎత్తకుండా కూర్చుంటే మణికట్టు, మెడ, కళ్లు మూడూ నొప్పి పెడతాయి. బిగువు మారిపోయి, ఉదయం అల్లిన భాగం వదులుగానూ సాయంత్రం అల్లినది బిగుతుగానూ తయారవుతుంది.

అల్లికను ముక్కలుగా పంచుకోవచ్చనడానికి మన ప్రాంతంలోనే గట్టి సాక్ష్యం ఉంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా నరసాపురం ప్రాంతానికి చేరిన క్రోషియా (కొక్కెం సూదితో అల్లే) లేసు పని, ఆ తరువాత చుట్టుపక్కల గ్రామాల్లో ఇంటింటా అల్లుకుపోయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా లభించింది. ఆ పని చేసే స్త్రీలకు రోజులో ఖాళీగా ఉండే పూట అంటూ ఏదీ లేదు. వంట, పిల్లలు, పశువులు, నీళ్లు అన్నీ చూసుకుంటూ నడుమ చిక్కిన వేళల్లోనే అల్లారు. అది సాధ్యపడటానికి ఒక కారణం పనిని విడగొట్టిన తీరు. చిన్న చిన్న పువ్వులు విడివిడిగా అల్లడం ఒక పని, వాటిని ఒకదానికొకటి చేర్చి బల్లగుడ్డగానో దుప్పటిగానో మలిచే అతుకుపని మరొకటి. ఒక్కో పువ్వు ఒక్క విడతలో పూర్తవుతుంది, చేతిసంచిలో ఇముడుతుంది, ఎక్కడ ఆపినా నష్టం ఉండదు. ఆ శ్రమకు వారికి దక్కిన కూలి ఎప్పుడూ తక్కువేనన్న సంగతిని మాత్రం ఈ నేర్పును మెచ్చుకునేటప్పుడు మరిచిపోకూడదు.

విద్యార్థి ఈ విభజనను యథాతథంగా తీసుకోవచ్చు. వారం రోజులూ ప్రయాణంలో పువ్వులు అల్లుకుని, అతుకుపనిని మాత్రం ఆదివారానికి ఉంచుకోవాలి, ఎందుకంటే అప్పుడు పువ్వులన్నీ మంచం మీద పరిచి, కొలత సరిపోల్చి, వరుస కుదుర్చుకోవలసి ఉంటుంది. అంటే అల్లికలో సైతం ఆదివారానికి కొంత చోటు ఉంది. అయితే అది ముగింపు పనికే.

ఇక్కడే మరో పోలిక అవసరమవుతుంది: రెండు సూదుల ఊలు అల్లికా, కొక్కెం సూది క్రోషియానా? సూదుల అల్లికలో ఆ వరుసలోని కుట్లన్నీ ఒకేసారి సూది మీద ఉంటాయి. నిండుగా ఉన్న బస్సులో ఎవరి మోచెయ్యో తగిలి సూది జారిందంటే కుట్లు ఊడి, ఒక్కొక్కటీ కింది వరుసల దాకా విడిపోతూ వెళతాయి. పొడవైన సూదులు పక్కవారికీ ఇబ్బందే. క్రోషియాలో ఏ క్షణానైనా సూది మీద ఉండేది సాధారణంగా ఒక్కటే ఉచ్చు. స్టేషను రాగానే ఆ ఉచ్చును కాస్త పెద్దగా లాగి సంచిలో పడేస్తే చాలు. మరోవైపు, సూదుల అల్లికకు అంతే వెడల్పు గుడ్డకు దారం తక్కువ పడుతుంది, గుడ్డ మెత్తగా సాగుతుంది, స్వెటరుకూ మేజోళ్లకూ దానికి సాటి లేదు. అయితే మన డెల్టాలో చలి ధనుర్మాసంలో తెల్లవారుజామున కాస్త వణికించి పోయేదే. ఏడాదిలో అధిక భాగం ఉక్కపోత, చేతి చెమటకు ఊలు వేళ్లకు అంటుకుంటుంది. అందుచేత కొత్తగా మొదలుపెట్టే విద్యార్థికి క్రోషియానూ నూలు దారాన్నీ సూచిస్తాను. దారం నంబరు పెరిగినకొద్దీ సన్నబడుతుంది కనుక 40 నంబరు దారంతో కళ్లు చెడగొట్టుకోకుండా 10 నంబరుతో చెయ్యి తిప్పుకోవడం మంచిది. ఢిల్లీకో మరో చలిప్రాంతానికో చదువుకు వెళ్లబోయేవారు ఊలు సూదులు పట్టుకోవలసిందే. వాటిని ఇంట్లోనే ఉంచి, రాత్రి అరగంట అల్లుకోవాలి.

ఇక వంట. ఆదివారమే మేలని పైన అన్నాను గాని, ఆదివారం అన్నీ వండి వారమంతా వేడి చేసుకుని తినవచ్చని దానికి అర్థం కాదు. ఆ పద్ధతి చలిదేశాల్లో కుదురుతుందేమో గాని గోదావరి జిల్లాల ఉక్కలో కుదరదు. వండిన అన్నాన్ని గది వేడిలో గంటల తరబడి వదిలేస్తే, ఉడికినా చావని బాసిల్లస్ సిరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పప్పు, కొబ్బరి పచ్చడి కూడా త్వరగానే పాడవుతాయి. విద్యార్థుల గదుల్లో చాలాచోట్ల ఫ్రిజ్ ఉండదు, ఉన్నచోట కరెంటు పోతుంది. కాబట్టి ఆదివారం చేయవలసింది వారానికి సరిపడా వంట కాదు, వారం వంటకు సరిపడా సన్నాహం.

ఆ సన్నాహంలో మన పెద్దవాళ్ల వంటిల్లు ఎంతో ముందుచూపుతో ఉంది. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం తడి తగలని సీసాలో పోసుకుంటే వారాల తరబడి నిలుస్తాయి. చింతపండు గుజ్జును పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి వేసి నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకుంటే ఏ పూటైనా వేడి అన్నంలో కలిపి పోపు వేసి పులిహోర చేసుకోవచ్చు. పులుపూ ఉప్పూ నూనే ఆ గుజ్జును కాపాడతాయి. ఫ్రిజ్ ఉన్నవారికి అన్నింటికంటే ఎక్కువ అక్కరకు వచ్చేది ఇడ్లీ పిండి. ఆదివారం సాయంత్రం నానిన మినపపప్పు ఒక పాలు రుబ్బి, ఇడ్లీ రవ్వ రెండు పాళ్లు కలిపి ఉంచితే సోమవారం ఇడ్లీ అవుతుంది, బుధవారం కాస్త పులిసిన అదే పిండి మూకుట్లో సన్నని సెగ మీద మూత పెట్టి కాల్చిన దిబ్బరొట్టె అవుతుంది. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండే ఆ రొట్టె ఒక్కటి తిన్న విద్యార్థి మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఎత్తడు. వేసవిలో పిండి త్వరగా పులుస్తుంది కనుక రాత్రంతా బయట ఉంచకుండా పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఇవి ఉంటే రోజువారీ పని అన్నం వండటం, ఒక్క కూరో పప్పో చేయడం వరకే పరిమితమవుతుంది. నానబెట్టకుండానే త్వరగా ఉడికే పెసరపప్పు, ఆనపకాయ, బెండకాయ, దొండకాయ చదువుల రోజుల సరుకు. చెయ్యి దురద పెట్టే కందను చెక్కు తీసి బచ్చలితో కలిపి వండి ఆవ పెట్టడం, పనసపొట్టు కూర, చేపల పులుసు ఆదివారానివే. పులుసు మరునాటికి మరింత రుచి పడుతుందన్నది నిజమే. ఫ్రిజ్ లేని గదిలో మాత్రం ఆ రోజే తినేయడం క్షేమం.

ఈ తీర్పుకు ఒక మినహాయింపు ఉంది. గదిలో నలుగురు కలిసి ఉంటూ, ఒకరు తరిగి, ఒకరు వండి, ఒకరు గిన్నెలు తోమి, మరొకరు సరుకులు తెచ్చేలా వంతులు వేసుకోగలిగితే రోజూ తాజాగా వండుకోవడమే మేలు. ముందూ వెనకా పనులు నలుగురి మీదా పడతాయి కనుక ఒక్కొక్కరికి అరగంట మించదు. ఆ వంతుల్లో మగపిల్లలు, ఆడపిల్లలు అన్న తేడా ఉండకూడదు. ఇంటి నుంచి వెళ్లి వచ్చే విద్యార్థి విషయంలో రోజువారీ వంట భారమంతా అమ్మ మీదే ఉంటుంది. అక్కడ ఆదివారం పొడులు కొట్టడం, పిండి రుబ్బడం ఆ విద్యార్థి తనవిగా తీసుకుంటే వంట నేర్చుకోవడమూ జరుగుతుంది, అమ్మకు వారమంతా కాస్త ఊపిరీ ఆడుతుంది. పొయ్యి పెట్టనివ్వని హాస్టలు పిల్లలకు ఆ పొడులే ఇంటి వంట.

కుక్కరు కూతల కోసం ఎదురుచూస్తూ రెండు వరుసలు అల్లుకుందామని కొందరు రెండు పనులనూ కలుపుతారు. నేను వద్దంటాను. పసుపు, నూనె అంటిన వేళ్లతో తెల్ల దారం పట్టుకుంటే ఆ మరక వదలదు, అల్లికలో కళ్లు ఉంటే పోపు మాడుతుంది. చదువుతో కలపదగింది అల్లికే, అందులోనూ లెక్క అక్కరలేని సాదా వరుసలే: రికార్డు చేసిన పాఠం వింటూ వాటిని హాయిగా సాగించవచ్చు. పువ్వు రేకులు లెక్కపెట్టవలసిన చోట పాఠం చెవిన పడదు, పాఠం మీద మనసు పెడితే రేకు తప్పుతుంది.

పరీక్షలు దగ్గరపడినప్పుడు ఏది ముందు ఆపాలన్న ప్రశ్నకు ఎక్కువమంది వంటనే ఆపి బయటి తిండికి మళ్లుతారు. నా సలహా ఇందుకు వేరు. ఆ రెండు వారాలు వంటను అన్నం, పెసరకట్టు, పొడి, పెరుగు అన్నంత సాదాగా తగ్గించుకోవాలి గాని మానకూడదు, కడుపు చెడితే పరీక్షే పోతుంది. అల్లికలో అతుకుపనినీ, లెక్కలున్న పెద్ద పనులనూ గుడ్డలో చుట్టి పైన పెట్టేయాలి. ఒక దారపు ఉండ, ఒక కొక్కెం సూది మాత్రం సంచిలో ఉంచుకుని ప్రయాణంలో చదవలేనంత అలసట వచ్చినప్పుడు ఒక పువ్వు అల్లుకుంటే, పరీక్షలయ్యాక వచ్చే ఆదివారానికి అతకడానికి కొన్ని పువ్వులు సిద్ధంగా ఉంటాయి.