దేవనహళ్ళి దారిలో అనపకాయల అంగడి

మా వీధి చివరి దుకాణంలో డిసెంబరు నుంచీ అనపకాయలు (గింజల కోసం ఒలుచుకునే చిక్కుడు జాతి కాయలు) కుప్పలుగా పడి ఉంటున్నా, మా అమ్మ నాలుగు కాయలు చేతిలోకి తీసుకోవడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, మళ్ళీ కుప్పలోనే పడేసి రావడం రోజూ జరుగుతూ వచ్చింది. మదనపల్లె పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి కనుక, పండుగ నెలలో అనపకాయ పట్టుకున్న చేతికి జిడ్డు, ముక్కుకు వాసన అంటకపోతే అది అనపకాయే కాదని ఆమె తీర్పు. పదకొండేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో కాపురం ఉంటున్నాం గానీ, ఇక్కడి కూరగాయ ఏ ఊరి మట్టిలోంచి వస్తుందో వెళ్ళి చూసినవాళ్ళం కాదు. అందుకని సంక్రాంతి దాటిన మొదటి శనివారం అమ్మ, నా భార్య, నేను తెల్లవారుజామునే బయల్దేరి, దేవనహళ్ళికీ నందికొండకూ మధ్య ఉన్న పల్లెల్లో రైతులే నడుపుకునే అంగళ్ళు చూసి, ఒక రాత్రి ఏదైనా తోటలో బస చేసి రావాలని నిర్ణయించుకున్నాం.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఆరు గంటల లోపు హెబ్బాళ దాటగలిగితే విమానాశ్రయం దారి హాయిగా సాగుతుంది. ఏడు దాటితే నందికొండకు సూర్యోదయం చూడబోయి ఆలస్యమైనవాళ్ళందరూ అదే దారిలో ఉంటారు. సాదహళ్ళి టోలు కట్టి, దేవనహళ్ళి దాటి, జాతీయ రహదారి వదిలి పల్లె దారి పట్టిన తరువాతే అసలు చూడవలసినది మొదలవుతుంది. కారు లేనివారికి యలహంక, దేవనహళ్ళి, నంది హాల్టు మీదుగా చిక్కబళ్ళాపురం వెళ్ళే రైలు మార్గం ఉంది కానీ, స్టేషను నుంచి పల్లెల్లోకి ఆటో దొరకడం అదృష్టం మీద ఆధారపడిన పని కాబట్టి బరువుతో తిరిగి రావాలనుకునేవారికి నేను ఆ దారి చెప్పను.

పల్లె దారిలో రెండు చోట్ల తారు రోడ్డు మీదే ఉలవ కంప పరిచి ఉంది. వచ్చిపోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తాయన్నమాట. మా కారు దాని మీదుగా మెల్లగా వెళుతుంటే కింద ఎండిన కాయలు చిటపటలాడిన చప్పుడు, పక్కనే చీపురు పట్టుకుని మా బండి ఎప్పుడు దాటుతుందా అని నిలబడిన ముసలాయన ముఖం, రెండూ నాకు ఈ ప్రయాణంలో గుర్తుండిపోయాయి. ఆ కంపకు అటువైపు ద్రాక్ష పందిళ్ళు, గులాబీ తోటలు. వాటి నడుమ నడుమ రాళ్ళు పాతి, కమాను కట్టి, ఎవరూ ఇల్లు కట్టని లేఅవుట్లు. దేవనహళ్ళి పంపర పనసకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కడివాళ్ళు దాన్ని చకోత అంటారు. విమానాశ్రయం 2008లో తెరుచుకున్న తరువాత చుట్టూ భూమి ధర పెరిగిన కొద్దీ ఆ తోటలు ఇళ్ళ స్థలాలుగా మారుతూ వచ్చాయి. మేము దారిలో అడిగి అడిగి ఒకే ఒక పెరట్లో నాలుగు కాయలు సంపాదించగలిగాం.

మొదట ఆగినది రహదారి పక్కనే పెద్ద బోర్డు పెట్టుకుని ఉన్న అంగడి దగ్గర. దాని పేరు చెప్పను. ఎడ్లబండి చక్రం గోడకు ఆనించి ఉంది, వెదురు బుట్టల్లో కూరగాయలు అందంగా సర్ది ఉన్నాయి, కాఫీ కూడా బాగుంది. కానీ బుట్టలో ఉన్న నారింజల మీద దిగుమతి కంపెనీ స్టిక్కర్లు అలాగే ఉన్నాయి. క్యారెట్లు యంత్రంలో కడిగినట్లు నున్నగా, ఒక్క ఆకు కూడా లేకుండా ఉన్నాయి. పక్కన పేర్చిన ప్లాస్టిక్ పెట్టెల మీద మండీ వ్యాపారి గుర్తులు కనిపిస్తున్నాయి. ఈ టమోటా ఏ తోటదని అడిగితే అక్కడ పనిచేసే కుర్రవాడు నిజాయితీగానే "పొద్దున బండిలో వచ్చింది సార్" అన్నాడు. బండిలో వచ్చిన టమోటా అమ్మడం తప్పేమీ కాదు, అయితే దాన్ని పొలం పేరుతో నగరంలో కంటే పది రూపాయలు ఎక్కువకు అమ్మడమే నాకు నచ్చలేదు. అమ్మ అనపకాయ ఒకటి తీసి వాసన చూసి, ఏమీ అనకుండా కారెక్కి కూర్చుంది.

అక్కడి నుంచి ఆరేడు కిలోమీటర్లు లోపలికి వెళ్ళాక దొరికిన రెండో అంగడి గురించి మాత్రం వివరంగా రాయాలి. నాలుగు రాతి కూసాల మీద రేకులు వేసిన పాక అది. ఐదు కుటుంబాలవాళ్ళు వంతులవారీగా కూర్చుంటారట, ఎవరి సరుకు అమ్ముడైతే వారి పేరు మీద నోటుబుక్కులో రాసుకుంటారు. ఆ రోజు కూర్చున్న ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. మేము కన్నడంలో మొదలుపెడితే, అమ్మ నాతో అన్న ఒక మాట విని, "మీది యా ఊరు సామీ? తెలుగోళ్ళేనా?" అని ఆమె తెలుగులోకి దిగింది. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయని తెలిసినా, రేకుల పాక కింద మా అమ్మమ్మ యాస వినబడేసరికి మా ముగ్గురికీ ఒక్కసారిగా మొహమాటం పోయింది.

అనపకాయలు గోనెపట్టా మీద పోసి ఉన్నాయి. మంచు తడి ఇంకా ఆరలేదు, అడుగున రెండు మూడు ఎండిన రాగి ఆకులు కూడా ఉన్నాయి. అమ్మ ఒక కాయను బొటనవేలితో రుద్ది, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టింది. నేతి ముద్దలో పచ్చి ఆకు నలిపినట్టు ఉండే ఆ ఘాటు వాసన, చేతికి అంటుకుంటే సబ్బుతో రెండుసార్లు కడిగినా పోని ఆ జిడ్డు, మా వీధి కాయలకు ఎందుకు లేవో అక్కడే తెలిసింది. నాటు అనప పగటి పొద్దు తగ్గితేనే పూతకు వస్తుంది కనుక, వానాకాలంలో రాగి చేలో మధ్య మధ్య సాళ్ళుగా వేసినది మంచు నెలల్లోనే కాయకు వస్తుంది. ఇలా సాళ్ళు కలిపి వేయడాన్నే ఇక్కడివాళ్ళు కన్నడంలో "అక్కడి సాలు" అంటారు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం పగటి పొద్దుతో పనిలేకుండా కాసే హెబ్బాళ అవరె (అనపనే కన్నడంలో అవరె అంటారు) రకాలను తెచ్చిన తరువాత ఏడాది పొడుగునా కాయ దొరుకుతోంది. దానివల్ల రైతుకు అన్ని కాలాల్లోనూ చేతికి డబ్బు వస్తుంది, అది చిన్న మేలు కాదు. అయితే ఎండాకాలపు కాయలో ఈ వాసన వెతకడం దండగ. "ఇంగ పది దినాలు పోతే మంచు తగ్గిపోతాది సామీ, అప్పుడు కాయ ఉంటాది, సొగడు ఉండదు" అని ఆవిడ కూడా అదే మాట చెప్పింది. సొగడు అంటే ఆ వాసనే. తెలుగులో దానికి నాకు సరైన మాట దొరకలేదు.

కిలో అరవై రూపాయలు. మా వీధిలో ఎనభై. నా భార్య అలవాటు కొద్దీ యాభైకి అడగబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఎందుకు ఆపిందో టమోటాల లెక్క విన్నాక అర్థమైంది. అంతకు ముందు వారం ఆవిడ టమోటాలు మండీకి వేస్తే 15 కిలోల పెట్టెకు 180 రూపాయలు పలికిందట, అంటే కిలో పన్నెండు. అందులోంచి కోత కూలి, బండి బాడుగ, కమీషను పోగా మిగిలింది విత్తనానికీ మందుకూ సరిపోలేదని ఆవిడ ఏ కోపమూ లేకుండా, వాన పడలేదని చెప్పినట్టుగా చెప్పింది. 2023 జూలైలో కోలారు మార్కెట్టులో అదే పెట్టె 2000 రూపాయలు దాటిన సంగతి పత్రికల్లో చదివినవాళ్ళం. ఆ నెలలో ఆవిడ చేలో టమోటా లేదు, అప్పుడే నారు పోసింది. అంగడిలో మాకు కిలో ఇరవైకి ఇచ్చింది. మా వీధిలో ఆ రోజు ముప్ఫై అయిదు. ఈ లెక్కలో ఆవిడకూ మాకూ ఇద్దరికీ లాభమే ఉంది కాబట్టి, మనం రైతుకు ఏదో దానం చేస్తున్నామన్న భావంతో ఇటువంటి చోట్లకు వెళ్ళనవసరం లేదని నాకు అనిపించింది.

లోపాలూ చెప్పాలి. చిల్లర లేదు, ఫోనులో చెల్లిద్దామంటే సిగ్నలు రాక నేను రోడ్డు మీద యాభై అడుగులు నడిచి రావలసి వచ్చింది. తూకం ఎలక్ట్రానిక్ కాటాయే గానీ గాలికి అంకె ఊగుతుంటుంది, ఆవిడ మాత్రం ప్రతిసారీ ఒక గుప్పెడు పైన వేసింది. మరుగుదొడ్డి లేదు, వయసు మళ్ళిన వారితో వెళ్ళేవారు ఇది గుర్తుంచుకోవాలి. కావలసిన కూరగాయలన్నీ దొరుకుతాయని అనుకుంటే నిరాశే: ఆ రోజు ఉన్నవి అనప, టమోటా, నూల్‌కోల్, రెండు రకాల ఆకుకూరలు, కొన్ని ములక్కాయలు, అంతే. మందులు వాడరా అని నా భార్య అడిగితే, "వాడకపోతే టమోటా నిలబడదు తల్లీ, అనపకు మాత్రం కొట్టం" అని సూటిగా చెప్పింది. ప్రతి బుట్ట మీదా సేంద్రియం అని రాసుకున్న మొదటి అంగడి కంటే ఈ జవాబు మీదే నాకు నమ్మకం కలిగింది. నీళ్ళ సంగతి కూడా అడిగాను. జీవనది లేని జిల్లా ఇది, బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీరు పడని ఊళ్ళున్నాయి. బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి, భూమిలోకి ఇంకడం కోసమని హెబ్బాళ-నాగవార పథకం కింద ఇక్కడి చెరువులకు పంపుతున్నారు. తమ బోరులో నీరు పైకి వచ్చిందని ఆవిడ సంతోషించింది. నగరంలో మనం వదిలిన నీరే తిరిగి కూరగాయగా మన ఇంటికి వస్తోందన్న ఆలోచన మాత్రం నన్ను దారంతా వదల్లేదు.

ములక్కాయలకు, టమోటాలకు మా సంచులు చాలకపోతే ఆవిడ తన నీలం పెట్టె ఒకటి ఇచ్చింది. బయానా యాభై ఇవ్వబోతే తీసుకోలేదు.

బస చేసిన తోట అక్కడికి దగ్గరే. ముగ్గురికి ఒక రాత్రికి, రెండు పూటల భోజనంతో కలిపి ఆరువేలు. గది శుభ్రంగా ఉంది, ఇత్తడి బాయిలరులో కట్టెలతో కాచిన వేడినీళ్ళు పొద్దున ఆరింటికే సిద్ధంగా ఉన్నాయి, దోమతెర చిరగలేదు. రాత్రి భోజనానికి రాగి ముద్ద, పితికిన పప్పు పులుసు పెట్టారు. ముద్ద పట్టుకుంటే చేతికి అంటని బిగువులో ఉంది; మా అమ్మ ఇంకొకరి వంటను మెచ్చుకోవడం నేను చాలా అరుదుగా విన్నాను, ఆ రాత్రి విన్నాను. పొద్దున ఉప్మా మాత్రం ఏ హోటల్లో అయినా దొరికేదే. నాకు కష్టంగా తోచింది వేరొకటి. తలకు మూడు వందలు తీసుకుని, పిల్లలున్న కుటుంబాలను టమోటా మడిలోకి తీసుకెళ్ళి, ఒక్కొక్కరి చేత కిలో టమోటాలు కోయించి ఫొటోలు తీయించారు. అదే మడిలో ఇద్దరు కూలీ ఆడవాళ్ళు ఈ సరదా ముగిసేదాకా పని ఆపి గట్టు మీద కూర్చోవలసి వచ్చింది. ఆ పొద్దు పోయిన పనికి వారికి కూలి కోస్తారా అని యజమానిని అడిగితే నవ్వి మాట మార్చారు. గది, భోజనం కోసం అక్కడికి మళ్ళీ వెళ్ళవచ్చు. ఆ మూడు వందలు మాత్రం నేను కట్టను.

ఆదివారం తిరుగు ప్రయాణంలో, పోల్చి చూద్దామని నగరంలోకి వచ్చి లాల్‌బాగ్ దగ్గర హాప్‌కామ్స్ అంగడికి కూడా వెళ్ళాం. ద్రాక్ష రైతుల కోసమని ఉద్యానశాఖకు చెందిన డాక్టర్ ఎం.హెచ్. మరిగౌడ చొరవతో 1959లో పుట్టిన సహకార సంఘం అది. తరువాత మిగిలిన పండ్లు, కూరగాయలకూ విస్తరించింది. మన రైతు బజార్లు 1999లో మొదలయ్యాయని గుర్తుచేసుకుంటే, నలభై ఏళ్ళ ముందే ఇక్కడ ఈ ఆలోచన నడిచిందని అర్థమవుతుంది. తేడా కూడా ఉంది: రైతు బజారులో రైతే కూర్చుని అమ్ముతాడు, ఇక్కడ సంఘం కొని అమ్ముతుంది. ధర బోర్డు మీద రాసి ఉంటుంది, బేరం లేదు, రసీదు ఇస్తారు. అనపకాయ ఉంది, పరవాలేదు, వాసన సగం. ఆకుకూరలు మధ్యాహ్నానికి వాడిపోయి ఉన్నాయి. నగరం దాటి వెళ్ళలేనివారికి, వారం మధ్యలో కావలసిన ఉల్లి, బంగాళాదుంప, పండ్లకు నేను దీన్నే ఎంచుకుంటాను.

పెట్రోలు, టోలు, బస కలిపితే మా అనపకాయ కిలో ఎంత పడిందో లెక్కవేయడం తెలివితక్కువ పని, అయినా నా భార్య వేసింది. ఆ అంకె ఇక్కడ రాయను. ఐదు కిలోల కాయలు తెచ్చాం. ఆదివారం రాత్రి అమ్మ వార్తాపత్రిక పరిచి, వాకిట్లో పక్కింటి కన్నడ ఆవిడనూ కూర్చోబెట్టుకుని కాయలు ఒలిచి గింజలు నానబోసింది. సోమవారం పొద్దున వాటిని ఒక్కొక్కటే వేలితో నొక్కితే తోలు వదిలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంటే, లిఫ్టు దిగినవాళ్ళు తలుపు దగ్గర ఆగి వాసన ఎక్కడిదని అడిగి వెళ్ళారు. ఇద్దరు ఊరి పేరు, దారి రాయించుకున్నారు.

టమోటాల్లో అడుగున ఉన్నవి మూడు నలిగిపోయాయి, మిగిలినవి తొమ్మిదో రోజు దాకా గట్టిగానే ఉన్నాయి. నీలం పెట్టె కడిగి బాల్కనీలో ఆరబెట్టాం. దాని మీద ఆవిడ ఇంటి పేరు సున్నంతో రాసి ఉంది. మంచు తగ్గకముందే వెళ్ళి ఇచ్చేసి రావాలని అమ్మ నిన్న రెండుసార్లు గుర్తుచేసింది.