గేమ్ స్క్రిప్ట్ కొంటే ఈఎక్స్ఈ ఫైలా, సోర్స్ కోడా?

గేమ్‌లో ఒకే పనిని పదే పదే చేసే ఆటోహాట్‌కీ (విండోస్‌లో కీలు, క్లిక్‌లు వాటంతటవే పడేలా చేసే ఉచిత టూల్) స్క్రిప్ట్‌ను ఫ్రీలాన్సర్‌తో రాయించుకుంటే రెండు రూపాల్లో చేతికొస్తుంది: నేరుగా నడిచే ఈఎక్స్ఈ ఫైల్, లేదా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలిగే సోర్స్ ఫైల్.

ఈఎక్స్ఈ సులువు. డబుల్ క్లిక్ చేస్తే చాలు, ఆటోహాట్‌కీ ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. చిక్కల్లా లోపల ఏముందో కనిపించకపోవడమే. యాంటీవైరస్ హెచ్చరిస్తే అమ్మినవాళ్లు "కంపైల్ చేసిన (ఈఎక్స్ఈగా మార్చిన) స్క్రిప్టులకు అలాగే వస్తుంది, ఆఫ్ చేసెయ్ బ్రో" అంటారు. అందులో నిజం లేకపోలేదు, ఏ హానీ లేనివాటినీ యాంటీవైరస్‌లు అనుమానిస్తుంటాయి. కానీ కీలాగర్ (మీరు టైప్ చేసేదంతా దొంగచాటుగా నమోదు చేసే ప్రోగ్రామ్) దూర్చినవాడు చెప్పేదీ అదే మాట!

సోర్స్ ఉంటే కోడింగ్ అంతగా రాకపోయినా అందులో తెలియని వెబ్ అడ్రసులు, డౌన్‌లోడ్ కమాండ్లు ఉన్నాయేమో వెతకొచ్చు. మరమ్మతుకూ అదే మేలు. ఇలాంటి స్క్రిప్టులు చాలావరకు స్క్రీన్ మీద ఫలానా చోట ఫలానా రంగు ఉందా అని చూసి క్లిక్ చేస్తాయి. రిజల్యూషన్ మారినా, అప్‌డేట్‌లో బటన్ జరిగినా పని ఆగిపోతుంది. సోర్స్ ఉంటే నాలుగు అంకెలు మార్చుకుంటే సరి, లేకపోతే అమ్మినతన్ని బతిమాలుకోవాలి. ఏ ఆటోహాట్‌కీ వెర్షన్‌కి రాశారో ముందే అడగండి, వి1కి రాసింది సాధారణంగా వి2లో నడవదు.

ధర ఎక్కువైనా సోర్స్‌కే నా ఓటు. ఫ్రీలాన్సర్లు దొరికే అప్‌వర్క్ సైట్‌లో ఫిక్స్‌డ్ ధర పనికి డబ్బు ఎస్క్రోలో, అంటే పని ముగిసేదాకా మధ్యవర్తి దగ్గర, ఉంటుంది. పని అప్పగించాక 14 రోజుల్లో మీరేమీ చెప్పకపోతే అది అవతలివారికి వెళ్లిపోతుంది, కాబట్టి పరీక్షంతా ఆలోపే. రూన్‌స్కేప్ లాంటి ఆన్‌లైన్ గేమ్‌కైతే రెండూ వద్దంటాను. మాక్రోలు, అంటే ఇలా మీ బదులు ఆడే స్క్రిప్టులు, ఆ గేమ్ కంపెనీ జాగెక్స్ నిబంధనలకు విరుద్ధం, దొరికితే అకౌంటే పోవచ్చు.