నాటకానికి కోల్డ్ స్పార్క్ మెషిన్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది తెనాలి పక్కన చిన్న నాటక సమాజం. పరిషత్తు పోటీలకీ, దసరా, శ్రీరామనవమి పందిళ్లకీ పౌరాణిక నాటకాలు వేస్తుంటాం. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్‌కి వచ్చేవాళ్లమే. స్తంభంలోంచి నరసింహస్వామి వెలువడే ఘట్టానికీ, భస్మాసురుడు తన నెత్తిన తానే చెయ్యి పెట్టుకునే ఘట్టానికీ ఏదో ఒక నిప్పు కావాలి. అందుకని కొన్నేళ్ల కిందట రెండు కోల్డ్ స్పార్క్ మెషిన్లు కొన్నాం. పెళ్లిలో దండలు మార్చుకునేటప్పుడు వధూవరులకు అటూ ఇటూ రవ్వలు ఫౌంటెన్‌లా లేస్తాయి కదా, ఆ మెషిన్లే.

ఇన్నాళ్ల వాడకం తర్వాత నేను చెప్పేది ఇదీ: మెషిన్ మంచిదే, డబ్బుకి న్యాయం చేసింది. అయితే నాటకం జరిగినంతసేపూ దాన్ని తప్ప ఇంకో పని చూడని మనిషిని కేటాయించలేని సమాజం దీన్ని కొనకూడదు.

ఇంతకుముందు మన నాటకాల్లో నిప్పు ఎలా పుట్టించేవారో తెలిసినవాళ్లకి ఈ మెషిన్ విలువ తెలుస్తుంది. వీధి నాటకంలో రాక్షసుడు ప్రవేశిస్తుంటే దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారు, భగ్గున మంట లేచేది. తర్వాత ఇనప మూకుట్లో బాణసంచా మందు పోసి వత్తి అంటించడం వచ్చింది. సురభి వాళ్ల ట్రిక్కులు చూసి మనమూ చేసేద్దామనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాలు వాళ్లవి. తరతరాలుగా అదే బతుకు, అదే సాధన. ఏడాదికి నాలుగైదు ప్రదర్శనలిచ్చే మనం వాళ్లను చూసి నిప్పుతో పందెం కట్టకూడదు. మందు సొంతంగా కలపడం మాట అసలు ఎత్తొద్దు. గంధకం, క్లోరేటు కలిసిన మిశ్రమాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు, రాపిడి తగిలినా పేలుతుంది కాబట్టి. "మందు మేం తెస్తాం, మీరు చూస్తూ ఉండండి" అనే లైటింగు వాళ్లు ఇప్పటికీ తగులుతారు. ఒప్పుకోకండి.

ఈ మెషిన్‌లో మందు, వత్తి ఉండవు. టైటానియం, జిర్కోనియం లాంటి లోహాల పొడిని లోపల కరెంటుతో వేడిచేస్తే, ఫ్యాన్ గాలి దాన్ని పైకి చిమ్ముతుంది. గాలి తగలగానే ఆ రేణువులు మండి రవ్వలవుతాయి. ఒక్కో రవ్వ వేడి చాలా ఎక్కువే, కానీ అది ఇసక రేణువంత కూడా ఉండదు, అందుకే చేతికి తగిలినా అంతగా కాలదు. దీపావళికి కాకరపువ్వొత్తి రవ్వలు అరచేతి మీద పడితే ఏమీ కాదు, ఆరిపోయిన కడ్డీ పట్టుకుంటే బొబ్బలెక్కుతుంది. ఇదీ అంతే. రవ్వల సంగతి ఎలా ఉన్నా, అవి బయటికొచ్చే మూతి మాత్రం కడ్డీలా కాలుతుంది, ఆపేసిన తర్వాత కూడా చాలాసేపు. పేరులో 'కోల్డ్' చూసి మూతి మీదుగా చెయ్యి ఊపి చూపించే అమ్మకందార్లను నమ్మొద్దు.

అసలు ప్రమాదం మన ఆహార్యంలో ఉంది. పౌరాణిక వేషమంటే జనపనార జుట్టు, క్రేప్ గడ్డం, అట్టతో, థర్మాకోల్‌తో చేసి బంగారు కాగితం అంటించిన కిరీటం, నైలాన్ ఉత్తరీయం. గడ్డం అతికించే స్పిరిట్ గమ్ ఆరేదాకా మండే ద్రవమే. మెషిన్ కొన్నాక మొదట చేసిన మంచి పని ఏమిటంటే, ప్రతి బట్ట నుంచీ బెత్తెడు ముక్క కత్తిరించి, పెరట్లో పటకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించడం. నూలు బట్ట నెమ్మదిగా కాలింది. పాలిస్టర్ ముక్క ముడుచుకుపోయి, మండే బొట్లుగా కిందికి జారింది, ఆ బొట్టు ఒంటికి అంటుకుంటే ఊడదు. జనపనార జుట్టయితే అంటించామో లేదో ఒక్క ఊపులో అయిపోయింది. అది చూశాక హిరణ్యకశిపుడి వేషధారి తనే ముందుకొచ్చి, జుట్టు బిగించి ముడేసి కిరీటం కిందికి తోస్తానన్నాడు. గడ్డం నిప్పు ఘట్టానికి గంట ముందే అతికించాలన్నది అప్పట్నుంచి మేకప్ వాళ్ల నియమం.

తలపైన ఏముందో కూడా చూడాలి. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక నైట్‌క్లబ్బులో స్టేజి మీద రవ్వల గొట్టాలు వెలిగిస్తే, గోడకున్న శబ్దనిరోధక ఫోమ్ అంటుకుని 100 మంది చనిపోయారు. నిమిషాల్లో జరిగిపోయింది. 2025 మార్చిలో నార్త్ మాసిడోనియాలోని కొచానీలో దాదాపు అలాగే, రవ్వలు పైకప్పుకు తగిలి, ఇంచుమించు 60 ప్రాణాలు పోయాయి. మన షామియానా గుడ్డ, పైన వేలాడే ఝాలరు తెర, కాగితప్పూల తోరణాలు ఆ ఫోమ్‌కేమీ తీసిపోవు. మా మెషిన్ రవ్వలు అయిదు మీటర్ల దాకా లేపగలదు. రెండు మీటర్లకు మించి మేమెప్పుడూ పెట్టలేదు. పైన అంతకు రెట్టింపు ఖాళీ లేకపోతే పెట్టె విప్పం. అసలు ఎత్తు తక్కువ పెట్టినప్పుడే ఘట్టం బాగా పండుతుంది. స్తంభం మొదట్లోంచి నడుమెత్తు రవ్వలు లేచి, వాటి వెనక ఎర్ర లైట్లో నరసింహుడి ముఖం కనిపిస్తే జనం ఊపిరి బిగబడతారు. ఎక్కువ ఎత్తు పెడితే జనం స్వామిని వదిలేసి రవ్వల్ని చూస్తారు.

మా ఆపరేటరు ఒక లెక్కల టీచరమ్మ. పాత్ర వెయ్యదు, ప్రాంప్టింగ్ చెప్పదు, తెర లాగదు. స్టేజి మొత్తం కనిపించేలా వింగ్‌లో, అంటే స్టేజి పక్కన తెర చాటున, కూర్చుంటుంది. హిరణ్యకశిపుడు గద ఎత్తే చోట తెల్ల టేపు అతికిస్తాం. అతని రెండు పాదాలూ ఆ టేపు వెనక కనిపిస్తేనే బటన్ నొక్కుతుంది. ఒక పరిషత్తులో అతను పద్యం ఊపులో రెండడుగులు ముందుకొచ్చేశాడు. ఆవిడ నొక్కలేదు. డోలు, ఎర్ర లైటు, పొగతోనే స్తంభం పగిలింది. చప్పట్లేమీ తగ్గలేదు. "టీచరుగారూ, ఇంకాస్త ఆగి నొక్కాల్సిందండీ" అని తర్వాత ఎవరో అంటే, "మీరు టేపు వెనకుంటే నొక్కుతానండీ" అంది, అంతే. నిప్పు లేకపోయినా నడిచేలా ఘట్టాన్ని ముందే రిహార్సల్ చేసుకుంటే ఆపరేటరు మీద టెన్షన్ ఉండదు.

ఇక మెషిన్‌తో ఇబ్బందులు. వేడెక్కడానికి అయిదారు నిమిషాలు పడుతుంది, అందుకని ముందు రంగంలోనే ఆన్ చెయ్యాలి. వోల్టేజి తగ్గే ఊళ్లలో అసలు వేడెక్కదు, జనరేటరు మీద నయం. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ లైన్‌కి దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు, ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు విడిగా అడిగి తీసుకోండి. ఫ్యాన్ రొద సినిమా పాటల ఫంక్షన్లో వినపడదు గానీ, హార్మోనియం ఒక్కటే మోగే ఆలాపనలో మొదటి వరసకి స్పష్టంగా వినపడుతుంది. మా హార్మోనియం మాస్టారికి ఇప్పటికీ దాని మీద కోపమే. మెషిన్‌తో వచ్చిన రిమోట్ మేము వాడం. అలాంటి చవక రిమోట్లు ఇంకొకరి మెషిన్‌ని కూడా ఆన్ చేసే వీలుంది. పక్క మండపంలో పెళ్లి ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. స్టేజి లైట్లను నడిపే డీఎంఎక్స్ కేబుల్ లాగి లైటింగ్ బోర్డు నుంచే నడుపుతాం.

ప్రదర్శన అయ్యాక స్టేజి మీద బూడిదరంగు నూక మిగులుతుంది. మన నటులు చెప్పుల్లేకుండా ఆడతారు. వేడి రేణువు అరికాలికి తగిలితే చురుక్కుమంటుంది, చల్లారాక అదే నూక చెక్క మీద జారుతుంది. అందుకే మెషిన్ చుట్టూ రేకు పరుస్తాం, ఆ ఘట్టం తర్వాత ఒక్క నిమిషం తెర దించి మెత్తటి బ్రష్‌తో ఊడుస్తాం. వాక్యూమ్ క్లీనర్ వద్దు, లోహపు పొడి అందులోకి వెళ్తే మోటారు రవ్వకి అంటుకోవచ్చు.

వింగ్‌లో రెండు బకెట్లు ఉంటాయి. పొడి ఇసక బకెట్ మీద 'మెషిన్‌కి', నీళ్ల బకెట్ మీద 'బట్టలకి' అని పెద్దక్షరాలతో రాసుంటుంది. మండుతున్న టైటానియం మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కూడా దానికి పనికిరాదు. ఈ తేడా ఆపరేటరుకే కాదు, తెర లాగే కుర్రాడికి కూడా తెలియాలి. హాలు వాళ్లకీ, ఫైర్ స్టేషన్‌కీ ముందే కాగితం పెట్టి అనుమతి రాయించుకుంటాం. కల్యాణ మండపాల్లో పొగ అలారాలు ఉంటాయి, రవ్వలకి పొగ తక్కువే గానీ అసలు లేకుండా ఉండదు.

పొడి విషయంలో మాకు ఒక చేదు అనుభవం ఉంది. ఒక దుకాణంలో సగం ధరకే అని ఏ లేబులూ లేని ప్యాకెట్లు అంటగట్టారు. రిహార్సల్లో రవ్వలు ఒక పక్కకే ఎగిరాయి, పెద్ద పెద్ద ముద్దలు మండుతూనే నేల మీద పడ్డాయి. అప్పట్నుంచి మెషిన్ కంపెనీ చెప్పిన పొడి తప్ప వేరేది ముట్టుకోం. కోస్తా తేమకి మంచి పొడి కూడా గడ్డకడుతుంది. విప్పిన ప్యాకెట్‌ని గట్టి మూతున్న స్టీలు డబ్బాలో, మేకప్ పెట్టెకి దూరంగా పెట్టండి. మెషిన్‌లో మిగిలిన పొడిని ఆ రాత్రే ఖాళీ చెయ్యండి, లేకపోతే తర్వాతి ప్రదర్శనకి గొట్టం మూసుకుపోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. పొడి వెయ్యకుండా ఆన్ చేసి మెషిన్‌ని పక్కకి వంచితే అది వెంటనే ఆగిపోవాలి. స్టేజి మీద ఎవరో ఒకరి పంచె తగిలి మెషిన్ పడిపోవడం మామూలే కాబట్టి, ఆ స్విచ్ పనిచెయ్యని మెషిన్ ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు.